46 లక్షల సీఎస్‌ఆర్ నిధి, చేతిలో నాలుగు నెలలు: ఎక్కడ మొదలుపెట్టాలి?

కొత్త బాధ్యత | డిసెంబరు 4

అందరికీ నమస్కారం. మాది మందుల ముడిసరుకు తయారుచేసే మధ్యతరహా కంపెనీ. పారిశ్రామికవాడలో రెండు యూనిట్లు, ఆరువందల మంది ఉద్యోగులు. నేను మానవ వనరుల విభాగంలో పన్నెండేళ్లుగా పనిచేస్తున్నాను. సీఎస్‌ఆర్ (కంపెనీ తన లాభంలో కొంత సమాజం కోసం ఖర్చు చేసే బాధ్యత) చూసే అధికారి మానేయడంతో గత నెలలో ఆ పని కూడా నాకే అప్పగించారు. మూడేళ్ల సగటు నికర లాభం 23 కోట్లు. అందులో 2 శాతం, అంటే 46 లక్షలు, మార్చి 31లోపు ఖర్చు చేయాలని చెప్పారు.

పాత ఫైలు తిరగేశాను. ఐదేళ్లలో పదకొండు చోట్ల పనులు జరిగాయి. రెండు బడుల్లో సంచులు పంచారు, ఒక ఊళ్లో నీటి శుద్ధి ప్లాంటు పెట్టారు, వైద్య శిబిరాలు నడిపారు, రోడ్డు పక్కన మొక్కలు నాటారు. అన్నిటికీ ఫొటోలు, బిల్లులు పక్కాగా ఉన్నాయి. ఆ ప్లాంటు ఇవాళ నడుస్తోందా, ఆ మొక్కలు బతికాయా అన్నది మాత్రం ఫైల్లో ఎక్కడా లేదు.

మా ఫ్యాక్టరీ ప్రహరీ అవతలే ఊరు. ఇన్నేళ్లుగా ఆ ఊరి మీదుగానే రోజూ వచ్చి వెళుతున్నాను. అక్కడ ఒక్క మనిషి పేరు కూడా నాకు తెలియదు. ఈ పని చేతికి వచ్చాక రాత్రుళ్లు అదే గుర్తొస్తోంది. ఈ డబ్బు నిజంగా ఎవరికైనా అక్కరకు రావాలంటే ఏం చేయాలి? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

లెక్కల పుస్తకం | డిసెంబరు 4

నేను కంపెనీ సెక్రటరీని. ముందు మీ మెడ మీది కత్తి తీసేద్దాం. మార్చి 31లోపు మొత్తం ఖర్చు పెట్టి తీరాలన్నది సగం నిజమే.

2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ 2014 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. 500 కోట్ల నికర విలువ గానీ, 1,000 కోట్ల టర్నోవర్ గానీ, 5 కోట్ల నికర లాభం గానీ ఉన్న కంపెనీలకు ఇది వర్తిస్తుంది. 2021 జనవరిలో వచ్చిన మార్పులతో పరిస్థితి బాగా మారింది. మీ బోర్డు ఒక పనిని కొనసాగే ప్రాజెక్టుగా ఆమోదిస్తే, మొదలైన సంవత్సరాన్ని మినహాయించి మరో మూడు ఆర్థిక సంవత్సరాల వరకు దాన్ని నడపవచ్చు. ఈ ఏడాది మిగిలిన సొమ్మును ఏప్రిల్ 30లోపు బ్యాంకులో విడిగా తెరిచిన ఖాతాలోకి మార్చాలి. అలాంటి ప్రాజెక్టు లేకుండా డబ్బు మిగిలిపోతే సెప్టెంబరు నెలాఖరులోపు ఆ చట్టం ఏడవ షెడ్యూలులో పేర్కొన్న ప్రభుత్వ నిధికి జమ చేయాలి. రెండూ చేయకపోతేనే జరిమానా.

ఇంకో మాట. నిధి 50 లక్షలు దాటదు కాబట్టి మీకు ప్రత్యేక సీఎస్‌ఆర్ కమిటీ అక్కరలేదు, బోర్డే చూసుకోవచ్చు. కానీ ఆ విడి ఖాతాలో డబ్బు ఉన్నంత కాలం కమిటీ ఉండాలని 2022 సవరణ చెబుతోంది. ఆ ఏర్పాటు ముందే చేసుకోండి. పని చేసిపెట్టే సంస్థకు సీఎస్‌ఆర్-1 రిజిస్ట్రేషన్ నంబరు ఉందో లేదో కూడా చూసుకోండి. అది లేని సంస్థ చేత చేయిస్తే ఆ ఖర్చు లెక్కలోకి రాదు.

నా అనుభవంలో సీఎస్‌ఆర్‌ను ఎక్కువగా పాడుచేసింది మార్చి హడావిడి. ఫిబ్రవరిలో కొటేషన్లు, మార్చి రెండో వారంలో పంపిణీ. ఆ తొందరలో కొనగలిగినవే కొంటారు. సంచులు, బెంచీలు, కంప్యూటర్లు, చీరలు అన్నీ అలా వచ్చినవే.

బడి గంట | డిసెంబరు 5

ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో సోషల్ చెబుతాను. ఇరవై రెండేళ్ల సర్వీసు. సంచుల మాట వచ్చింది కాబట్టి చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

మూడేళ్ల కిందట ఒక కంపెనీ వారు మా బడికి వచ్చారు. పదింటికి వస్తామన్నారు. తొమ్మిదిన్నరకే పిల్లల్ని మైదానంలో వరుసగా కూర్చోబెట్టాం. వాళ్లు వచ్చేసరికి పన్నెండు దాటింది. మార్చి ఎండ. ఆరో తరగతి పిల్ల ఒకతె తల తిరిగి పడిపోతే స్టాఫ్ రూములో పడుకోబెట్టి మజ్జిగ తాగించాం. తర్వాత ఒక్కొక్కరినీ పిలిచి, సంచి మీద కంపెనీ పేరు కనిపించేలా పట్టుకోమని ఫొటోలు తీశారు. ఆ పిల్లలకు ప్రభుత్వం ఇచ్చిన సంచి అప్పటికే భుజాన ఉంది. ఒక పిల్లవాడు కొత్త సంచిలో పాత సంచిని మడిచిపెట్టి ఇంటికి తీసుకెళ్లాడు.

అదే బడిలో ఆడపిల్లల మరుగుదొడ్లకు నీళ్లు లేవు. మోటారు ఉంది, బోరు ఉంది, పైన ట్యాంకు ఉంది. ట్యాంకు నుంచి కిందికి వచ్చే పైపు పగిలింది. దాని మరమ్మతు ఎంతో తెలుసా? ప్లంబరు అడిగింది నాలుగు వేల రెండు వందలు. వచ్చినవారిలో ఎవరైనా పిల్లల్ని పక్కకు పిలిచి ‘మీకు ఏం కావాలి’ అని అడిగి ఉంటే ఆ మాట బయటికి వచ్చేది. చివరికి మా టీచర్లమే చందాలు వేసుకుని బాగుచేయించాం.

మీరు బడికి ఏమైనా చేయదలిస్తే ముందు మామూలు రోజున, కబురు చేయకుండా రండి. మధ్యాహ్న భోజనం వేళ రండి. పిల్లలు చేతులు ఎక్కడ కడుక్కుంటున్నారో, తొమ్మిదో తరగతి ఆడపిల్లలు నెలలో ఏ రోజులు బడికి రావడం లేదో చూడండి.

నీటిచుక్క | డిసెంబరు 5

బడి గంట గారు చెప్పింది ఒక్క బడి కథ అనుకోకండి. స్వచ్ఛ విద్యాలయ పథకం కింద ప్రభుత్వ రంగ సంస్థలు కట్టిన బడి మరుగుదొడ్ల మీద ప్రభుత్వ లెక్కలను తనిఖీ చేసే కాగ్ నివేదిక 2020లో పార్లమెంటు ముందుకు వచ్చింది. 15 రాష్ట్రాల్లో 2,695 మరుగుదొడ్లను తనిఖీ చేశారు. కట్టినట్టు తేలినవాటిలో 72 శాతానికి లోపల నీటి వసతి లేదు. అవి కట్టినవారిలో దేశంలోని మహా సంస్థలు ఉన్నాయి. డబ్బుకు కొదవ లేదు, ఇంజనీర్లకు కొదవ లేదు. కట్టించడం వరకే తమ పని అనుకోవడం దగ్గరే అంతా ఆగిపోయింది.

నేను గ్రామీణ నీటి సరఫరా విభాగంలో పనిచేసి విరమించిన ఇంజనీరును. చాలా ఏళ్లు దర్శి, పొదిలి ప్రాంతంలో తిరిగాను. నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువై ఎముకలు, పళ్లు దెబ్బతినే ఫ్లోరోసిస్‌ను దేశంలో మొదట గుర్తించింది 1937లో, ఈ ప్రాంతం కూడా కలిసి ఉన్న అప్పటి నెల్లూరు జిల్లాలో. లీటరు నీటిలో ఫ్లోరైడ్ ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదు. అంతకు ఎన్నో రెట్లు ఉన్న బోరు నీళ్లు తాగి నడుము వంగిపోయినవాళ్లను, నలభై ఏళ్లకే కర్ర పట్టుకున్నవాళ్లను దగ్గరగా చూశాను. అందుకే నీటి ప్లాంటు ఎక్కడ మూతపడ్డా నాకు కడుపు రగులుతుంది.

రెండు ఊళ్ల సంగతి చెబుతాను. రెండింటికీ కంపెనీలే ప్లాంట్లు ఇచ్చాయి, ఇంచుమించు ఒకే ధర, ఒకే సామర్థ్యం.

మొదటి ఊళ్లో ప్రారంభోత్సవం ఘనంగా జరిగింది. నీళ్లు ఉచితం అన్నారు. పద్నాలుగు నెలలకు మోటారు కాలిపోయింది. బాగుచేయడానికి 38 వేలు అడిగారు. కంపెనీ ‘మేము అప్పగించేశాం’ అంది. పంచాయతీ ‘మా పద్దులో లేదు’ అంది. నేను వెళ్లి చూసేసరికి తాళం తుప్పు పట్టి ఉంది. లోపల నీటిని వడగట్టే మెంబ్రేన్ గొట్టాలు ఎండిపోయాయి. అలా ఎండిన మెంబ్రేన్ మళ్లీ పనిచేయదు. 38 వేల పని రెండు లక్షల దాకా పెరిగింది.

రెండో ఊళ్లో ప్లాంటును పొదుపు సంఘాల సమాఖ్యకు అప్పగించారు. 20 లీటర్ల డబ్బాకు 5 రూపాయలు. ఆ గదిలో మేకుకు వేలాడదీసిన రిజిస్టరు నా కళ్ల ముందే ఉంది. రూళ్ల పుస్తకం, అట్ట చిరిగితే పాత క్యాలెండరు కాగితం అంటించారు. రోజుకు ఎన్ని డబ్బాలు, ఎంత వసూలు, ఫిల్టరు ఎప్పుడు మార్చారు, ఎవరికి ఉచితంగా ఇచ్చారు, అన్నీ అందులో ఉన్నాయి. ఒంటరి ముసలివాళ్లు పదకొండు మంది పేర్ల పక్కన ‘ఊరి ఖాతా’ అని రాశారు. రోజుకు 250 డబ్బాల లెక్కన నెలకు 37,500. ఆపరేటరు జీతం 9 వేలు, కరెంటు 7 వేలు, ఫిల్టర్లు, రసాయనాలు 4 వేలు. మిగిలినది బ్యాంకులో. మెంబ్రేన్ మార్చాల్సి వచ్చినప్పుడు ఎవరి దగ్గరకూ చేయి చాపకుండా మార్చుకున్నారు.

ఆ కంపెనీ చేసిన తెలివైన పని ఒకటుంది. ప్లాంటు బిగించే ముందు ఆరు నెలలు ఒక మనిషిని ఆ ఊళ్లో ఉంచింది. ఎవరు నడుపుతారు, ఎంత వసూలు చేయాలి, శుద్ధి చేశాక మిగిలే ఉప్పు నీరు ఎటు వదలాలి అన్న తగాదాలన్నీ ముందే తేలిపోయాయి.

చిన్న పరిశ్రమ | డిసెంబరు 6

నేను యజమానిని. వేరే కోణం చెబుతాను, కోపగించుకోకండి. మాకు రోడ్లు వేయడం, బడులు నడపడం రాదు. వచ్చిందల్లా సరుకు చేసి అమ్మడం. పన్ను కడుతున్నాం, మళ్లీ ఈ 2 శాతం. నేను రెండేళ్లు ప్రయత్నించాను. ఒక ఏడాది ఊళ్లో రెండు వర్గాల మధ్య ఇరుక్కుని నలిగిపోయాను. అప్పటి నుంచి మొత్తం ప్రధానమంత్రి సహాయ నిధికి పంపుతున్నాను. చట్టం ఒప్పుకుంటుంది. చేతకాని పని చేసి చెడగొట్టే కంటే అదే నిజాయితీ అని నా నమ్మకం.

గట్టు మీద నడక | డిసెంబరు 6

చిన్న పరిశ్రమ గారూ, మీ మాటలో కోపగించుకోవడానికి ఏమీ లేదు. తుఫాను వచ్చినప్పుడు ఆ నిధి అవసరం ఎంతో మాకు తెలుసు. కానీ చట్టమే కంపెనీ ఉన్న పరిసరాలకు ప్రాధాన్యం ఇవ్వాలని చెప్పింది. మీ లారీల దుమ్ము పడేది ఆ ఊరి మీదే కదా. మీకు చేతకాకపోతే చేతనైనవారిని పక్కన పెట్టుకోవచ్చు.

నేను పదహారేళ్లుగా స్వచ్ఛంద సంస్థలో క్షేత్ర కార్యకర్తను. కంపెనీలతో మాకు ఎదురయ్యే చిక్కులు చెబుతాను, కొత్త బాధ్యత గారికి ఉపయోగపడవచ్చు.

ఒప్పందం జూన్‌లో చేసుకుంటారు. మొదటి విడత డబ్బు అక్టోబరులో వస్తుంది. ఈ నాలుగు నెలలూ మా కార్యకర్తలు అప్పు చేసి ఊళ్లు తిరుగుతారు. మార్చి వచ్చేసరికి ‘ఎంతమంది లబ్ధి పొందారు’ అని అడుగుతారు. మేము తలలు లెక్కపెట్టి పంపుతాం. ఏప్రిల్‌లో కంపెనీ మనసు మార్చుకుని చదువు నుంచి పర్యావరణానికి వెళ్లిపోతుంది. ఊళ్లో మా ముఖం చూపించలేం.

ఇక జీతాల సంగతి. ‘పరిపాలన ఖర్చు 5 శాతం దాటకూడదు’ అని చెప్పి ఊళ్లో తిరిగే కార్యకర్త జీతాన్ని కొట్టేస్తారు. నియమం అలా లేదు. ఆ 5 శాతం కంపెనీ తన సీఎస్‌ఆర్ విభాగాన్ని నడుపుకునే సాధారణ ఖర్చుకు. ఒక ప్రాజెక్టును అమలు చేయడానికి, పర్యవేక్షించడానికి నేరుగా అయ్యే ఖర్చు దాని కిందికి రాదు. పాఠాలు చెప్పే అమ్మాయి జీతం ప్రాజెక్టులో భాగమే. గోడలకు డబ్బిచ్చి మనుషులకు ఇవ్వకపోతే పని ఎవరు చేస్తారు?

లెక్కల పుస్తకం | డిసెంబరు 6

గట్టు మీద నడక గారు చెప్పింది అక్షరాలా నిజం. దీనిమీద ఆడిటర్లు కూడా తికమక పడుతుంటారు. ప్రాజెక్టు ప్రతిపాదనలోనే క్షేత్ర సిబ్బంది జీతాలను విడి పద్దుగా చూపండి.

పొదుపు సంఘం అక్క | డిసెంబరు 7

మా అమ్మాయి ఫోనులో ఇది చదివి వినిపించింది. నేను చెబుతుంటే తనే రాస్తోంది. మాది కూడా ఫ్యాక్టరీల పక్క ఊరే. సమాఖ్య అధ్యక్షురాలిగా ఆరేళ్లు చేశాను.

మాకు కుట్టు మిషన్లు ఇచ్చారమ్మా. ముప్పై మందికి మూడు నెలలు నేర్పించి, ఒక్కొక్కరికీ మిషను ఇచ్చి పంపారు. ఊళ్లో ఉన్నది నాలుగు వందల గడప. ముప్పై మంది కుడితే కుట్టించుకునేది ఎవరు? ఆర్డర్లు తెస్తామన్నారు, తేలేదు. నా మిషను మంచం కింద ఉంది, మా పిన్ని కూతురు తనది పెళ్లి ఖర్చుకు అమ్ముకుంది. ఆ ముప్పై మందికీ కావలసింది పని. ఫ్యాక్టరీలో పని ఉంది. కానీ పొద్దున ఆరు గంటల షిఫ్టుకు రావాలంటే చంటిపిల్లల్ని ఎవరు చూస్తారు? అంగన్‌వాడీ తొమ్మిదింటికి గాని తెరవరు. పొద్దున ఐదున్నర నుంచి పిల్లల్ని చూసుకునే చోటు ఒకటి ఊళ్లో ఉంటే పదిహేను మందిమైనా పనికి పోయేవాళ్లం. ఈ మాట మమ్మల్ని ఎవరూ అడగలేదు, మేమూ చెప్పలేదు. సర్పంచిని అడిగారు, ఆయన కుట్టు మిషన్లు అన్నారు.

అమ్మా, ఊరిని అడగాలంటే సాయంత్రం ఏడు తర్వాత రావాలి. పగలు వస్తే మీకు దొరికేది అరుగు మీద కూర్చున్న మగవాళ్లే.

కొత్త బాధ్యత | డిసెంబరు 7

అక్కా, మీ మాట చదివి చాలాసేపు అలాగే కూర్చున్నాను. నేనూ ఇద్దరు పిల్లల తల్లినే. మా కంపెనీలో ‘స్థానిక మహిళలు పనికి రావడం లేదు’ అని ప్రతి సమావేశంలో నేనే చెబుతుంటాను. ఎందుకు రావడం లేదని ఆరా తీయాల్సింది కూడా నేనే.

లెక్కల పుస్తకం గారూ, పిల్లల్ని చూసుకునే కేంద్రం పెడితే అది మా ఉద్యోగుల కోసం చేసినట్టు అవుతుందా?

లెక్కల పుస్తకం | డిసెంబరు 7

మీ ఉద్యోగుల పిల్లలకే అయితే సీఎస్‌ఆర్ కాదు. ఊరందరి పిల్లలకూ తెరిచి ఉంచితే, పొలం పనికి వెళ్లే తల్లి పిల్లనూ చేర్చుకుంటే, ఊరి పనే. అయితే ఒకటి గమనించండి. యాభై మంది, ఆపైన ఉద్యోగులున్న సంస్థలో శిశుసంరక్షణ కేంద్రం ఉండాలన్న నియమం 2017లో ప్రసూతి ప్రయోజన చట్టానికి చేసిన సవరణతో వచ్చింది. అది మీ కంపెనీ చట్టపరమైన బాధ్యత. ఆ ఖర్చును ఈ 46 లక్షల్లో కలపకండి.

నక్కవాగు ఒడ్డు | డిసెంబరు 8

మందుల ముడిసరుకు అన్నారు కాబట్టి ఈ మాట చెప్పక తప్పదు. నేను హైదరాబాద్ దగ్గర, మందుల ఫ్యాక్టరీలున్న పటాన్‌చెరు ప్రాంతంలో పుట్టాను. 1980ల నుంచి మా నక్కవాగు ఎలా మారిపోయిందో కళ్లారా చూసిన కుటుంబం మాది. వాగులో నీళ్లు రంగులు మారడం, వరి మాడిపోవడం, గేదెలు ఆ నీళ్లకు మూతి పెట్టకుండా వెనక్కి తిరగడం మా నాన్న రోజూ చెప్పేవారు. 1990లో ఆ వ్యవహారం సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఆ కాలంలోనూ వైద్య శిబిరాలు జరిగేవి. పగలు మాత్రలు పంచేవారు, రాత్రి వ్యర్థాల ట్యాంకర్లు తిరిగేవి.

మీ కంపెనీ అలాంటిదని నేను అనడం లేదు. కానీ మీరు ఊరికి వెళ్లిన మొదటి రోజే ఎవరో ఒకరు బోరు నీళ్ల సంగతి అడుగుతారు, రాత్రిపూట వాసన సంగతి అడుగుతారు. దానికి మీ దగ్గర సమాధానం లేకపోతే మీరు ఇచ్చే ఏ కానుకకూ విలువ ఉండదు. మన వ్యర్థాలను మనం శుద్ధి చేసుకోవడం దానం కిందికి రాదు, అది వ్యాపారం ఖర్చు. ముందుగా ఊరి బోర్ల నీటిని బయటి ప్రయోగశాలలో పరీక్ష చేయించి, ఫలితం ఏదైనా సరే పంచాయతీ గోడకు అంటించే ధైర్యం మీ యాజమాన్యానికి ఉందా, కనుక్కోండి.

డెల్టా మనిషి | డిసెంబరు 8

మా పశ్చిమ గోదావరి పల్లెల్లో ఒక పాఠం ఉంది. సత్యం కంప్యూటర్స్ రామలింగరాజు కుటుంబం 2001లో మొదలుపెట్టిన బైర్రాజు ఫౌండేషన్ మా వైపు ఊళ్లలో నీటి ప్లాంట్లు, వైద్యం, చదువు పనులు ఎంతో శ్రద్ధగా చేసింది. అదే కుటుంబం చొరవతో 2005 ఆగస్టు 15న 108 అంబులెన్స్ సేవ హైదరాబాద్‌లో మొదలైంది. 2009 జనవరి 7న సత్యం కంపెనీ లెక్కల మోసం బయటపడింది. ఆ దెబ్బకు ఫౌండేషన్ పనులు చాలావరకు కుదించుకుపోయాయి. 108 మాత్రం ఆగలేదు. అప్పటికే నిర్వహణ ఖర్చులో పెద్ద భాగం ప్రభుత్వం భరించే ఒప్పందం ఉంది. నిర్వహణను జీవీకే సంస్థ చేపట్టింది. డ్రైవర్లు, సిబ్బంది, ఫోను నంబరు అన్నీ అలాగే కొనసాగాయి. తర్వాత ఎన్నో రాష్ట్రాలు ఆ పద్ధతిని తీసుకున్నాయి.

మొదలుపెట్టినవారి ఉద్దేశాల మీద తీర్పు చెప్పడం నా పని కాదు. నేను గమనించింది ఇదే: ఒక కంపెనీ లాభం మీద మాత్రమే నిలబడ్డవి కూలాయి, ప్రభుత్వమో ఊరో భుజం మార్చుకున్నవి నిలిచాయి. మీ కంపెనీ రేపు అమ్ముడుపోయినా ఆ పని ఎవరి చేతిలో ఉంటుందో ఇవాళే రాసుకోండి.

శనివారం సేవ | డిసెంబరు 9

నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. ఉద్యోగుల సేవ గురించి ఒక మాట. మా దగ్గర ఏడాదికి ఒకసారి బస్సులు కట్టించుకుని వెళ్లి బడి గోడలకు రంగులు వేసేవాళ్లం. నా రెండో ఏడాది, ఊళ్లో పెయింటర్లు పని లేక మర్రిచెట్టు కింద కూర్చుని మమ్మల్ని చూస్తున్నారు. మా నూట ఇరవై మంది భోజనాల ఖర్చుతో వాళ్లకు నెల రోజుల కూలి వచ్చేది. ఆ రోజు నుంచి నాకు మనసొప్పలేదు.

ఇప్పుడు మేము ఎనిమిది మందిమే. ప్రతి శనివారం, సెలవుల్లో తప్ప మానకుండా, ఒకే బడికి వెళుతున్నాం. నాలుగేళ్లయింది. ఇద్దరు లెక్కలు చెబుతారు. ఒకరు పదో తరగతి తర్వాత పాలిటెక్నిక్, ఐటీఐ దరఖాస్తులు దగ్గరుండి నింపిస్తారు. కులం, ఆదాయ ధ్రువపత్రాలు లేక ఎంతమంది పిల్లలు ఫీజు రాయితీ పోగొట్టుకుంటున్నారో అక్కడికి వెళ్లాకే తెలిసింది. మేము వెచ్చించే గంటలను డబ్బుగా లెక్కకట్టి సీఎస్‌ఆర్ ఖర్చులో చూపడం కుదరదని మా వాళ్లు చెప్పారు. అదే మంచిదైంది. లెక్క చూపాల్సిన అవసరం లేదు కాబట్టి నిజంగా రావాలనుకున్నవాళ్లే వస్తున్నారు.

దూరదేశం | డిసెంబరు 9

అమెరికా నుంచి. ఇక్కడి చాలా కంపెనీలు ఉద్యోగి ఎంత దానం చేస్తే అంత తామూ కలుపుతాయి. సొంత ఊరి బడికి అలా పంపాలని మన వాళ్లు ఎంతో ఆశపడతారు. ఒక జాగ్రత్త: కంపెనీ కలిపిన సొమ్ము విదేశీ విరాళం. తీసుకునే సంస్థకు విదేశీ విరాళాల చట్టం కింద అనుమతి ఉండాలి, అది ఢిల్లీలోని ఒక నిర్ణీత స్టేట్ బ్యాంకు శాఖ ఖాతాకే రావాలి, 2020 సవరణ తర్వాత ఆ సంస్థ దాన్ని ఇంకో సంస్థకు మళ్లించకూడదు. భారత పౌరసత్వం ఉన్న ప్రవాసి తన సంపాదన నుంచి సొంతంగా పంపితే ఈ చిక్కు లేదు. ఇది తెలియక మా ఊరి ప్రధానోపాధ్యాయుడిని అనవసరంగా ఇబ్బంది పెట్టాం.

గట్టు మీద నడక | డిసెంబరు 10

ఓపిక గురించి ఒక్క ఉదాహరణ. 1998లో హైదరాబాద్‌లో మొదలైన నాంది ఫౌండేషన్ అరకు లోయ గిరిజన రైతులతో కాఫీ పని చేస్తోంది. ఆ కాఫీకి 2017లో పారిస్‌లో దుకాణం తెరిచారు. మొక్క నాటిన మూడు, నాలుగేళ్లకు గాని కాఫీ కాపుకు రాదు. ఏడాది ఒప్పందంతో వచ్చే దాతకు ఆ తోటలో పండు కూడా కనిపించదు.

కొత్త బాధ్యత | జనవరి 22

ఇన్నాళ్లూ రాయలేకపోయాను. పాత ఫైల్లోని పదకొండు చోట్లకూ వెళ్లి వచ్చాను. మొదట మా ప్రహరీ పక్క ఊళ్లోని నీటి ప్లాంటుకు వెళ్లాను. మా కంపెనీ పేరున్న బోర్డు ఇంకా మెరుస్తోంది. తలుపుకు తాళం. తాళంచెవి మాజీ సర్పంచి ఇంట్లో ఉందన్నారు. కరెంటు బకాయి 11,400. ఊళ్లోవాళ్లు ఆటోలో వచ్చే డబ్బా నీళ్లను 15 రూపాయలకు కొంటున్నారు. నీటిచుక్క గారూ, మెంబ్రేన్ గొట్టాలు మీరు చెప్పినట్టే ఎండిపోయాయి.

అక్క మాట ప్రకారం సాయంత్రం ఏడు తర్వాత నాలుగుసార్లు వెళ్లాను. మొదటిసారి ఎవరూ నోరు విప్పలేదు. రెండోసారి ఒక పెద్దావిడ ‘మళ్లీ ఫొటోకా అమ్మా’ అని అడిగింది. మూడోసారి రాత్రి వాసన గురించి చెప్పారు. నాలుగోసారి అడిగినవి ఇవి: కొత్తది వద్దు, ఉన్న ప్లాంటు బాగుచేయండి. బడి మరుగుదొడ్లకు నీళ్లు రావాలి. పొద్దున్నే పిల్లల్ని చూసుకునే చోటు కావాలి. బడి వదిలే వేళ మీ లారీలు ఆపండి.

నీటిచుక్క | జనవరి 22

బాగుచేసే ముందు నడిపేవాళ్లను నిలబెట్టండి. ప్రతి ఇంటి నుంచి వంద రూపాయలైనా ముందు వాటాగా తీసుకోమని సమాఖ్యకు చెప్పండి. తమ డబ్బు పడ్డ ప్లాంటును ఊరు చూసుకుంటుంది. కావాలంటే ఒకరోజు నేను వస్తాను, బస్సు చార్జీలు కూడా వద్దు.

చిన్న పరిశ్రమ | జనవరి 23

చదువుతున్నాను. మీ పక్క ఊరి బడికి మా యూనిట్ కార్మికుల పిల్లలు కూడా ఇరవై మంది వెళుతున్నారు. మా నిధి మీ అంత కాదు, 14 లక్షలు. ఇద్దరం కలిసి చేయడానికి చట్టం ఒప్పుకుంటుందా?

లెక్కల పుస్తకం | జనవరి 23

ఒప్పుకుంటుంది. ఎవరి ఖర్చు వారు విడిగా నివేదించగలిగేలా ఒప్పందం రాసుకుంటే చాలు.

కొత్త బాధ్యత | ఏప్రిల్ 28

బోర్డు మూడేళ్ల ప్రాజెక్టుగా ఆమోదించింది. తేలికగా జరగలేదు. ‘మార్చిలో చూపించడానికి ఏముంది’ అని ఒక డైరెక్టరు రెండుసార్లు అడిగారు. మూతపడిన ప్లాంటు ఫొటోను, మెరుస్తున్న మా బోర్డుతో సహా, బల్ల మీద పెట్టాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

ఈ ఏడాది ఖర్చు 9 లక్షలే. ప్లాంటు మరమ్మతు, నీటి పరీక్షలు, ఊళ్లో ఉండే ఒక కార్యకర్త జీతం. మిగిలిన 37 లక్షలు నిన్న విడి ఖాతాలో జమ చేశాం, కమిటీ కూడా వేశారు. ప్లాంటు ఇప్పుడు సమాఖ్యది. 312 ఇళ్లలో 268 ఇళ్లు వంద రూపాయల చొప్పున కట్టాయి. నీటిచుక్క గారు మూడుసార్లు వచ్చి ఇద్దరు అమ్మాయిలకు ఫిల్టర్లు మార్చడం నేర్పించారు. తాళంచెవులు రెండు, రెండు వేరు వేరు వీధుల్లో ఉంటాయి.

లారీలు బడి వేళల్లో ఆపడానికి ఫ్యాక్టరీ మేనేజరు ఒప్పుకున్నారు, దానికి సీఎస్‌ఆర్ డబ్బు పైసా వాడలేదు. బోర్ల నీటి ఫలితాలు పంచాయతీ గోడ మీద ఉన్నాయి. మూడు బోర్లలో ఒకదానిలో లవణాలు పరిమితికి మించి ఉన్నాయి, దాన్నీ అలాగే అంటించాం. కారణం ఏమిటో తేల్చే పని ఇంకా మొదలు కాలేదు. రాత్రి వాసన తగ్గలేదు. దాని మీద లోపల పోరాడుతున్నాను. పిల్లల కేంద్రానికి పంచాయతీ ఇచ్చిన గది ఉంది, అక్క వాళ్ల ఊరి సమాఖ్య నుంచి ఇద్దరు వచ్చి చూసి వెళ్లారు. చిన్న పరిశ్రమ గారి వాటాతో బడి నీటి పనులు వేసవి సెలవుల్లో మొదలుపెట్టాలని ఉంది.

బడి గంట | ఏప్రిల్ 28

బడి జూన్ 12న తెరుస్తారు. ఆలోగా మోటారు, పైపులు బిగించి ఒక వారం నీళ్లు వదిలి చూస్తే మంచిది. ఎండాకాలం కాబట్టి పని పొద్దున ఆరింటికే మొదలుపెట్టించండి. సెలవుల్లో గేటు తాళం ఎవరి దగ్గర ఉంటుందో మీ పక్క ఊరి బడి హెడ్మాస్టరు గారిని ఈ వారమే అడిగి పెట్టుకోండి. మా ఊరు అక్కడికి గంటన్నర ప్రయాణం. మీరు తేదీ చెబితే ఆడపిల్లల మరుగుదొడ్లలో ఎత్తు, గొళ్లాలు, చెత్తబుట్ట ఎక్కడ పెట్టాలో చూపించడానికి మా బడిలోని సైన్సు టీచరు గారిని తీసుకుని వస్తాను. ఆవిడ అప్పుడే సరేనన్నారు.